రిలీవర్ రాని డ్యూటీ

2022 మార్చి నెలంతా మా ఇంట్లో టేబుల్ మీద అన్నం తినడానికి చోటు లేదు. నాలుగు పాస్‌పోర్టులు, వాటి జిరాక్సులు, టీకా సర్టిఫికెట్లు, ఇన్సూరెన్సు కాగితాలు, హోటల్ రసీదులు, నాకూ మా తమ్ముడు సాయికుమార్‌కీ విదేశం వెళ్లడానికి రైల్వే డిపార్టుమెంటు ఇచ్చిన ఎన్‌ఓసీలు. ఒక్కోదానికి ఒక్కో ప్లాస్టిక్ కవరు. మేం కంచాలు ఒళ్లో పెట్టుకుని తినేవాళ్లం. ఆ టేబుల్ మీద ఎవరైనా నీళ్ల గ్లాసు పెడితే నేను ఇల్లు పీకి పందిరేసేదాన్ని.

నా పేరు మీనాకుమారి. ఖరగ్‌పూర్ స్టేషన్లో రిజర్వేషన్ కౌంటర్ క్లర్కుని. పద్నాలుగేళ్లుగా అద్దం ఇవతల కూర్చుని జనానికి రూలు చెప్పడమే నా పని. వయసు రాయని ఫారం, సంతకం లేని ఫారం కనబడితే ఒళ్లు మండుతుంది. "దీదీ, ఈ ఒక్కసారికి" అని బతిమాలేవాళ్లకి నేనిచ్చే జవాబు ఒకటే: "నెక్స్ట్." అందుకే నీకు పెళ్లి కాలేదంటాడు సాయి. అయి ఉండొచ్చు. నాకు ఆ బెంగ లేదు.

బ్యాంకాక్ వెళ్లాలన్నది మా నాన్న కోరిక. నాన్న నూకరాజు, వర్క్‌షాపులో ముప్పై ఎనిమిదేళ్లు ఫిట్టరు పని చేసి రిటైరయ్యాడు. పూరీ, తిరుపతి, హరిద్వార్, కన్యాకుమారి, మేం ఏ ఊరు చూసినా రైల్వే పాసు మీదే చూశాం. పాసు చెల్లని చోటికి వెళ్లాలన్న ఆలోచన మా వీధిలో ఎవరికీ రాదు. 2021 మేలో రెండో వేవ్ వచ్చినప్పుడు నాన్న తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఆక్సిజన్ మీద ఉన్నాడు. గొట్టం తీసిన రోజు ఫోన్లో నాతో అన్న మొదటి మాట, "ఒలే మీనా, పాసు సెల్లని దేశం ఒకటి సూడాలే." చావు దాకా వెళ్లొచ్చిన మనిషి నోరు తెరిచి అడిగితే కాదనగలమా?

ఆ దేశం వాళ్లు అడిగే అనుమతి కాగితాన్ని థాయ్‌లాండ్ పాస్ అంటారని చెప్పినప్పుడు నాన్న పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఎక్కడికెల్లినా మనకి పాసు తప్పదన్నమాట!"

ఆ పాసు రావాలంటే రెండు డోసుల టీకా పడాలి. రెండోది పడి పద్నాలుగు రోజులు దాటాలి. ఇన్సూరెన్సు ఉండాలి. దిగిన రోజు హోటల్ గదిలోనే ముక్కులో పుల్ల పెట్టే పరీక్ష, ఫలితం వచ్చేదాకా గడప దాటకూడదు. ఈ రూళ్లు వారానికోసారి మారేవి. ఏప్రిల్ ఒకటి నుంచి విమానం ఎక్కేముందు చేసే పరీక్ష ఎత్తేశారు. సాయి విసుక్కునేవాడు గానీ నాకు మాత్రం, ఉన్నమాట చెప్పాలంటే, ఎంతో సరదాగా ఉండేది. జన్మలో మొదటిసారి రూళ్లలో నన్ను మించినవాళ్లు తగిలారు. ప్రయాణం ఏప్రిల్ 16, శనివారం. మా ఇద్దరి సెలవులూ ఎన్‌ఓసీలూ ఆ తేదీలకే శాంక్షన్ అయ్యాయి. వాటికోసం రెండు నెలలు ఆఫీసుల చుట్టూ తిరిగాను కాబట్టి ఆ తేదీ కదిలే ప్రశ్న లేదు.

మార్చి చివరి ఆదివారం అమ్మ సర్టిఫికెట్ తియ్యడానికి కూర్చున్నాను. ఆమె టీకా సాయి పాత నంబరు మీద నమోదైంది, అందుకని అది ఆఖరికి మిగిలింది. తీరా తీస్తే అందులో మా వీధి క్యాంపులో వేసిన మొదటి డోసొక్కటే ఉంది. రెండోదానికి నేనే ఆగస్టులో స్లాటు బుక్ చేసి, నేను డ్యూటీలో ఉండి, అమ్మని ఆటో ఎక్కించి పంపాను.

"అమ్మా, రెండో డోసు ఏటైనాది?"

అమ్మ కత్తిపీట ముందు కూర్చుని వంకాయలు తరుగుతోంది. తలెత్తలేదు. "ఏసుకోనేదు."

"సెయ్యి నొప్పని రెండ్రోజులు పడుకున్నావు గదా!"

"పడుకోకపోతే నువ్వు నమ్మవు గదా."

మా అమ్మ సింహాచలమ్మ అబద్ధమాడటం నేనెప్పుడూ చూడలేదు. ఆడితే ఇంత చక్కగా ఆడుతుందని అసలు తెలీదు. నాకు కోపం నషాళానికంటింది. సూదికి భయపడే మనిషివి ఆ మాట చెప్పొచ్చు కదా, నాన్న ఆశంతా బూడిదలో పోశావు కదా అని నోటికొచ్చినట్టు అరిచాను. అమ్మ అంతా విని, కత్తిపీట మడిచి పక్కన పెట్టింది.

"సూదికేటి భయం? ఇద్దర్ని కన్నాను. నువ్వు స్లాటు రాయించిన ఇస్కూలు పూరీ గేట్ అవతల. గేటు కాడ ఆటో ఆపించి దిగిపోనాను. నాను గేటు దాటకూడదు."

"దాటకూడదని ఎవరన్నారు?"

అమ్మ వంటింటి మూల వైపు చూసింది. అక్కడ బియ్యం డ్రమ్ము పక్కన, పీట మీద, ఘటం ఉంది.

ఖరగ్‌పూర్‌లో మా తెలుగు వీధుల్లో ఎండలు ముదరకముందే మాతాపూజ పేరుతో అమ్మవారిని పిలుస్తాం. రాట పాతి, పసుపు నీళ్లతో వేపమండలతో ఘటాలు నింపి, ఆడవాళ్లు నెత్తినెత్తుకుని వీధి వీధీ తిరుగుతారు. ఆఖరి మంగళవారం డప్పులతో అమ్మవారిని సాగనంపుతారు. దాన్ని అంపకం అంటాం. రాట పడినప్పటినుంచి అంపకం అయ్యేదాకా ఘటమెత్తిన మనిషి పొలిమేర దాటకూడదు. మా వీధికి పొలిమేర ఒక పక్క పూరీ గేట్ అనే రైలు గేటు, రైలు దారిలో అయితే ఔటర్ సిగ్నల్. ఇంకోటి, ఘటం ఉన్న ఇంట్లో ఏడుపు వినబడకూడదు. చుట్టం ఇంట్లో ఉండగా ఏడిస్తే చుట్టాన్ని పొమ్మన్నట్టే. అమ్మ ఇరవై ఆరేళ్లుగా ఘటమెత్తుతోంది. ఇదంతా నాకు తెలుసు. తెలియనిది ఏమిటంటే, 2020 నాటి అంపకం మా ఇంట్లో ఇంకా కాలేదు.

ఆ ఏడు రాట పడింది, ఘటాలు లేచాయి, అంపకానికి వారం ముందు లాక్‌డౌన్ వచ్చిపడింది. పండగ కమిటీ వాళ్లు ఇంటింటికీ ఫోన్ చేసి, ఎవరి ఘటం వాళ్లు నూతిలోనో చెట్టు మొదట్లోనో పోసి దణ్ణం పెట్టుకోండి, తప్పు లేదు అన్నారు. అందరూ పోసేశారు.

"నాను పొయ్యనేదు" అంది అమ్మ. "మేళాలెట్టి పిలిసినాం. దొంగల్లాగ పారబోసీడానికి ఆ తల్లి ఏటి, కుడితి నీళ్లా?"

మరుసటి ఏడు పండగకి అనుమతి రాలేదు. రెండేళ్లుగా ప్రతి మంగళవారం అమ్మ ఆ ఘటంలో నీళ్లు మార్చి వేపాకు పెడుతుంటే ఏదో పూజలే అనుకున్నాను. ఆ రెండేళ్లూ అమ్మ ఊరు దాటలేదని కూడా గమనించలేదు. ఎలా గమనిస్తాను? దేశంలో ఎవరూ కదల్లేదు.

అప్పుడు నాకు పలాస పెద్దమ్మ గుర్తొచ్చింది. అమ్మకి తోడబుట్టింది ఆమె ఒక్కతే. నాన్న ఆసుపత్రిలో ఉన్న నాలుగో రోజున అక్కడ పెద్దమ్మ పోయింది. అమ్మ వెళ్లలేదు. కబురు విని కాసేపు గోడకి చేరబడి కూర్చుని, లేచి అన్నం వార్చింది. కంట తడి పెట్టలేదు.

"పెద్దమ్మ పోయినప్పుడు కూడా ఇందుకేనా?"

"మీ నాన్న మంచమ్మీద ఉన్నాడని ఆగిపోనాననుకున్నావా? ఆయనకి నువ్వున్నావు, సాయి ఉన్నాడు. రైళ్లు తిరుగుతనే ఉన్నాయి. ఎల్లీదాన్నే." చీర కొంగుతో చేతులు తుడుచుకుంది. "ఎల్లడానికి నేదు. ఏడవడానికీ నేదు. ఏటి సేస్తాను?"

ఆ రోజు నేను అమ్మని మొహం మీదే, నీ గుండె రాయే అన్నాను. అది తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. అమ్మ కాళ్ల దగ్గర కూర్చుని వంకాయ ముక్కలు నీళ్లలో వేశాను.

పక్కగదిలోంచి నాన్న గొంతు వచ్చింది. అంతా వింటూనే ఉన్నాడు. "రిలీవర్ రాకుండా డ్యూటీ దిగకూడదు. అది సేసింది కరెక్టే."

"నువ్వూరుకో నాన్నా!" అని అరిచాను. ఎవరో ఒకరి మీద అరవాలి కదా.

మూడో రోజే గోల్‌బజార్ దగ్గర క్లబ్బులో టీకా క్యాంపు ఉంటే అమ్మని తీసుకెళ్లాను. సూది వేసింది మా పక్కింటి స్వర్ణకుమారి సిస్టరే. "సింహాచలం పిన్నీ, ఇది గేటుకి ఇవతలే. ఇంక పారిపోడానికి నేదు" అని నవ్వుతూ పొడిచింది. మార్చి ముప్పై. పద్నాలుగు రోజులు కలిపితే ఏప్రిల్ పదమూడు. ప్రయాణానికి మూడు రోజుల ముందే గడువు తీరిపోతుంది. ఆ రాత్రే దరఖాస్తు పెట్టాను, ఏప్రిల్ ఐదుకల్లా నలుగురి పాసులూ వచ్చేశాయి. ఆఫీసులో అందరికీ మిఠాయి పంచాను.

మిఠాయి పంచిన సాయంత్రమే మా వీధి స్తంభానికి కమిటీ వాళ్లు కాగితం అంటించారు. రెండేళ్ల తర్వాత మాతాపూజకి అనుమతి వచ్చింది. రాట ఏప్రిల్ పది. అంపకం ఏప్రిల్ పందొమ్మిది, మంగళవారం. అంటే విమానం ఎక్కిన మూడు రోజులకి.

అమ్మ ఆ కాగితం నా చేత రెండుసార్లు చదివించుకుంది. మొహం విప్పారింది. "అయితే ఇంక రెండు వారాలేనన్నమాట. మీరు ముగ్గురూ ఎల్లి రండి. నాను తల్లిని అంపీసి ఇంట్లో ఉంటాను."

నాన్న లేచాడు. టేబుల్ దగ్గరికెళ్లి, తన పాస్‌పోర్టు కవర్లోంచి తీసి, ఇనప్పెట్టెలో పెట్టి మూత వేశాడు. "అది నేకుండా నాను ఏ దేశానికీ ఎల్లను. ఒక్కడ్నే పోయేది ఉంటే అప్పుడే పోయీవోడ్ని."

అమ్మ రాదు. అమ్మ లేనిదే నాన్న రాడు. నాన్న లేని బ్యాంకాక్‌లో నాకూ సాయికీ పనేమిటి? చేతిలో నాలుగు పాసులు పెట్టుకుని నేను మంచం మీద కూలబడ్డాను.

మర్నాడు డ్యూటీ దిగి మోహనకృష్ణ బాబాయ్ ఇంటికి వెళ్లాను. గూడ్స్ గార్డుగా రిటైరై, కమిటీకి సెక్రటరీగా ఉన్నాడు. పండగ పద్ధతుల్లో ఆయన మాటే మా వీధికి చివరి మాట. అరుగు మీద కూర్చుని రంగు కాగితాలు కత్తిరిస్తున్నాడు. సంగతంతా చెప్పాను.

"బాబాయ్, మా అమ్మ ఘటం ఒక్కటీ ముందే అంపించీ. ఈ ఒక్కసారికి" అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చిందని అన్నాక గానీ నాకు తెలీలేదు.

ఆయన కళ్లజోడు మీదనుంచి చూశాడు. "నా ఫారం మీద సంతకం నేదని లైన్లోంచి ఎనక్కి పంపినావు. డెబ్బై ఏళ్లోడ్ని. గుర్తుందా?"

"ఉంది."

"మళ్లీ మొదట్నుంచి లైన్లో నిలబడ్డాను."

"రూలు బాబాయ్."

"అదే మరి. ఇదీ రూలే." కాసేపు కత్తెర ఆడించాడు. నేను లేవలేదు. అద్దం అవతల నిలబడేవాళ్లు ఎందుకు కదలరో నాకు అప్పుడు అర్థమైంది. చివరికి ఆయనే కత్తెర కింద పెట్టాడు. "అంపకం ఒకరి కోసం ముందుకి జరగదు. ఘటం మాత్రం సేతులు మారొచ్చు. ఇంటి ఆడపిల్ల తలస్నానం సేసి, తల్లి సేతుల్లోంచి అందుకుంటే, అప్పుట్నుంచి ఆ కట్టు కూతురిది. తల్లికి ఒగ్గీసినట్టే."

"అంతేనా?"

"అంతే. కానీ ఆ పిల్ల గేటు దాటకూడదు. ఇంట్లో ఏడుపుండకూడదు. నీకు తెలుస్తంది గదా నాను సెప్పింది?"

"తెలిసింది బాబాయ్" అన్నాను.

ఇంటికొచ్చే దారిలో గోల్‌బజార్‌లో ఆగి, అమ్మకి వెల్క్రో చెప్పులు కొన్నాను. ఎయిర్‌పోర్టులో విప్పమంటే వంగక్కర్లేకుండా ఊడొస్తాయని.

అమ్మ ఒప్పుకోడానికి వారం పట్టింది. కాగితాలన్నీ నువ్వు సేసినావు, నువ్వే ఎల్లకపోతే ఎలాగ, అంది. నీకు నమ్మకం నేదు గదా, అంది.

"నమ్మకం మాట తర్వాత సూద్దుము" అన్నాను. "రూలుంది గదా."

అయినా తలూపలేదు. చివరికి నాన్నే తేల్చాడు. పేపరు మడిచి పక్కన పెట్టి, వర్క్‌షాపులో కుర్రాళ్లకి చెప్పినట్టు చెప్పాడు. "సింహాచలం, రిలీవర్ రాకుండా దిగడం తప్పు. వచ్చినాక దిగకపోవడం కూడా తప్పే." అమ్మ లోపలికెళ్లి తన మంచి చీరలు రెండు తీసింది. నాన్న పెట్టె తెరిచి పాస్‌పోర్టు మళ్లీ టేబుల్ మీద పెట్టాడు.

రాట పదో తేదీన పడింది. పదహారు తెల్లవారుతుండగా నేను తలస్నానం చేసి తడి జుట్టుతో వంటింట్లో నిలబడ్డాను. అమ్మ ఘటం ఎత్తి నా చేతుల్లో పెట్టింది. పెట్టింది గానీ వెంటనే వదల్లేదు. ఇద్దరం చెరో పక్కా పట్టుకుని కాసేపు అలాగే ఉన్నాం. "బరువు సూసుకో" అంది. నేను సరిగ్గా పట్టుకున్నాక వదిలింది. వదిలాక ఆ చేతులు ఏం చేసుకోవాలో తెలీనట్టు నిలబడి, చివరికి నా నుదుటి మీది తడి తుడిచింది.

ఆరింటి లోకల్‌కి ముగ్గురూ బయల్దేరారు. సాయికి కవర్లు వరసగా నంబర్లు వేసి ఇచ్చాను, ఏ కౌంటర్లో ఏది చూపించాలో కాగితం మీద రాసి ఇచ్చాను. "ఇదంతా నాకు తెల్దేటి?" అన్నాడు. "తెల్దు" అన్నాను. అమ్మ కొత్త చెప్పులు వేసుకుని ఆటో ఎక్కింది. ఆటో వీధి మలుపు తిరిగేదాకా చూసి ఇంట్లోకి వచ్చాను. టేబుల్ ఖాళీగా ఉంది. నా నాలుగో కవరు ఒక్కటే మిగిలింది. దాన్ని బీరువాలో పెట్టేశాను. బాధ లేదని చెబితే అబద్ధం. నాకు సముద్రం మీద విమానంలో వెళ్లాలని నాన్న కన్నా ఎక్కువగా ఉండేది, ఎవరికీ చెప్పలేదంతే.

పదకొండు కావస్తుండగా నాన్న ఫోన్ చేశాడు. వెనకాల ఎయిర్‌పోర్టు గోల.

"మీనా, మీ అమ్మని ఆపీసినారు."

"ఏ కాగితం అడిగినారు? రెండో కవరు సూపించినారా?"

"కాగితాలు కావే. మీ అమ్మ ఏడుస్తంది."

"ఏడవడమేటి?"

"ఔటర్ దాటినాక కిటికీకి తల ఆనించి మొదలెట్టినాది. హౌరా వచ్చినా ఆపనేదు, టాక్సీలో ఆపనేదు. కళ్లు సింత నిప్పుల్లాగున్నాయి. ముక్కు కారతంది, మాస్కంతా తడిసిపోనాది. ఇక్కడ హెల్తు డెస్కు పిల్ల సూసి జొరమేమో, జలుబేమో అని పక్కన నిలబెట్టీసినాది. లచ్చనాలుంటే ఎక్కనివ్వరంట. డాక్టర్ని పిలుస్తన్నారు. సాయి బెంగాలీలో దెబ్బలాడతన్నాడు."

"సాయిని నోరు మూసుకోమను. నాన్నా, నువ్వెళ్లి ఆ పిల్లకి సెప్పు. ఇది జబ్బు కాదు, ఈమె అక్క సచ్చిపోనాది అని సెప్పు."

ఫోన్ కట్ చెయ్యకుండానే వెళ్లాడు. ఆయన హిందీ, ఆ అమ్మాయి హిందీ వినిపించాయి. "బడీ బహెన్" అన్నాడు, "గుజర్ గయీ" అన్నాడు. వాళ్లిద్దరి వెనకాల ఇంకో గొంతు వినిపించింది. మొదట పోల్చుకోలేకపోయాను. "అప్పా, ఓ అప్పా, నన్నొగ్గీసి ఎల్లిపోనావా" అని పెద్దమ్మని తలుచుకుని దీర్ఘం తీసి ఏడుస్తోంది. ముప్పై నాలుగేళ్లలో మా అమ్మ ఏడుపు నేను వినడం అదే మొదలు.

నాన్న మళ్లీ ఫోన్లోకి వచ్చాడు. గొంతు తగ్గించాడు. "ఎప్పుడు పోయిందని అడుగుతంది. ఏటి సెప్పీది? పదకొండు నెలలైనాదంటే నవ్వుతారే."

పద్నాలుగేళ్లలో నేను ఒక్క ఫారం మీద కూడా తప్పు తేదీ పడనివ్వలేదు.

"ఇవాళ అని సెప్పు నాన్నా."

నాన్న ఆ అమ్మాయితో, "ఆజ్" అన్నాడు. "ఆజ్ సుబహ్." ఇవాళ పొద్దున.

జ్వరం చూశారట, లేదు. ఆ అమ్మాయే కుర్చీ తెచ్చి వేసి, నీళ్ల సీసా ఇచ్చి, కొత్త మాస్కు ఇచ్చి, అమ్మ ఏడుపు తగ్గేదాకా పక్కన నిలబడిందట. తర్వాత వదిలేశారు. ఒంటిగంటన్నరకి విమానం ఎక్కారని సాయి మెసేజ్ పెట్టాడు.

నాకూ ఏడవాలనే ఉంది. కానీ అంపకానికి ఇంకా మూడు రోజులుంది. లేచి చన్నీళ్లతో మొహం కడుక్కుని, ఘటంలో వేపాకు మార్చాను.